రెండో వైపు లెక్క

తండయార్‌పేట. రాత్రి పదకొండున్నర.
కిటికీ కింద ఎన్నూరు హైరోడ్డు మీద
రేవుకి పోయే ట్రైలర్లు బారులు తీరి
అడుగు కదిలితే బ్రేకు, బ్రేకు పడితే హారను.
నా లాప్‌టాప్‌లో కంటైనర్లు మాత్రం
ఏ సముద్రమూ ఎరగవు.

బగ్గు చిన్నదే.
'అ' 'ఆ'తో సమానమా అంటే అవునంది.
'ఆ' 'అ'తో సమానమా అంటే కాదంది.
పచ్చటి టెస్టుల బుట్టలో
ఒక్క పండుమిరపకాయ.

మోటారు కట్టెయ్యడానికి దిగిన మునిరత్నం మామ
తెరిచిన తలుపు దగ్గర ఆగాడు.
యార్డులో ముప్పై ఏళ్ళు ట్యాలీ గుమాస్తా.
"ఏమ్మా, ఇంకా పొద్దు కూకలేదా నీకు?"

చెప్పాను, నాకు తెలిసిన తెలుగులో.
ఆయన గడప మీదే కూర్చున్నాడు.

"కాయితం పట్టుకోని పెట్టెలో వెతికితే
కాయితంలో ఉండేదంతా దొరకతాది.
సరిపాయనని సీలేస్తివా, అయిపోతివి.
మళ్ళా పెట్టె చూసి కాయితంలో వెతకాల.
ఒకతూరి నూట నలభై మూటలని రాసుండె.
లోపల నూట నలభై ఒకటి."

చూసుకున్నాను.
ఎడమవైపు దాని పొడవంతా నడిచి
నా లూపు అక్కడే చేతులు దులుపుకుంటోంది.
హ్రస్వం ముగిసిన చోటే
దీర్ఘమూ ముగిసిందనుకుంటోంది.

ముందు పొడవులు అడగమని ఒక వరస రాశాను.
ఖాళీ జాగాని లెక్కలోకి తీసుకోలేదు:
ఇరవై అడుగుల పెట్టెలో పది బస్తాలూ
నలభై అడుగుల దాంట్లో అవే పదీ
ఒకటే.

ఇంకొకటి మిగిలింది,
తనతో తనే సమానం కాని అంకె.
పోలిస్తే కాదంటుంది, ఎన్నిసార్లు అడిగినా.
"లేబులు తడిసి చెరిగిపోయిన సరుకు" అన్నాడు మామ,
"దాన్ని షెడ్డులో విడిగా పెడతాము."
కామెంటులో దాదాపు అదే రాశాను.

పచ్చబడింది.
నా ఉద్యోగం, నా కిరాయి, నేను తినే వేళ
అన్నీ ఆయనకు తెలుసు.
ఆయన ఇంట్లో ఎందరో
ఏడాదిన్నరగా నేను అడగలేదు.

మెట్లెక్కుతున్నాడు.
"మామా, ఆ ఎక్కువ మూట
ఎవరిది?"

ఆగాడు. చెయ్యి రెయిలింగు మీదే ఉంది.
"ఇన్నేళ్ళకి నువ్వడగతాండావు" అన్నాడు.
కింద మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.
కట్టెయ్యడం ఇద్దరం మరిచిపోయాం.