ఊరికే ఎక్కినావా

చిత్తూరు కోర్టులో
ఇన్సూరెన్సు వకీలు అడిగిన మొదటి మాట
కాలు ఎట్లుందని కాదు.
"బాడుగిచ్చి ఎక్కినావా, ఊరికే ఎక్కినావా?"

మా వకీలు పరంధామ నాయుడు
మెట్ల మీదనే పాఠం చెప్పి తెచ్చినాడు:
"తెల్ల బోర్డు వ్యాను, ధనకోటమ్మా.
బాడుగ అన్నావంటే కంపెనీ చేతులు కడిగేసుకుంటుంది.
ఊరికే అను. తెలిసినోడు, దావలో ఎక్కించుకున్నాడు అను.
ఏ దేవుడు చెప్పినాడో, ఢిల్లీబాబు ఫుల్లు పాలసీ కట్టినాడు.
అదే థర్డ్ పార్టీ ఒకటే కట్టుంటే
రోడ్డు మీద పోయేవాడికి లెక్కుంది,
లోపల కూర్చున్నదానికి లెక్క లేదు."

ఊరికే.
నలభై ఆరేండ్లలో
నాకు ఊరికే వచ్చిందేందో వెతుక్కుంటా
బోనులో నిలబడినా, కర్ర ఆనించుకోని.
ట్యాంకరు నీళ్ళు బిందెకింత.
మిషను పెట్టుకున్న అరుగు నెలకింత.
చేతిలోంచి జారిన సూదికైనా
వంగి వెతికిన కూలి పడుతుంది.

అది తోతాపురి కాలం.
జ్యూసు ఫ్యాక్టరీ గేటు కాడ్నించి
పూతలపట్టు దాకా ట్రాక్టర్లు వరసగా నిలబడినాయి.
వరస తోక చీకట్లో కనబడలా.
ఢిల్లీబాబు ఒక్క తిప్పు తిప్పినాడు.
కల్వర్టు గోడ.
తర్వాత మామిడి సొన వాసన,
ఒళ్ళో నలగకుండా
ఎవరిదో పెండ్లి జాకెట్ల సంచి.

కుడికాలు.
మిషను తొక్కే కాలు.

"ఆస్పత్రి బిల్లులేవి?"
పుత్తూరు కట్టు సార్.
కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు,
బిగించి చుట్టిన గుడ్డ. మూడు కట్లు.
రసీదు ఇయ్యరు.
ఎముక అతుక్కుంటే అదే రసీదు.
వకీలు నవ్వినాడు. టైపు కొట్టే పాప నవ్వలా.
ఆ పాప మోచేయి కొంచెం వంకర,
మా పుత్తూరు వంకరే.

మెడికల్ బోర్డు నా కాలుకి
ముప్పై శాతం అని రాసిచ్చింది.
పూటకి కుట్టే జాకెట్టు
ఇప్పుడు రెండు రోజులు పడతా ఉంది,
ఆ మిగతా పొద్దు ఏ శాతంలోకి పోయిందో
అందులో రాయలా.

"చెప్పమ్మా. బాడుగా? ఊరికేనా?"

ఇరవై ఇచ్చినా సార్.
పది వెనక్కిచ్చినాడు, టీ తాగక్కా అని.
అంతకు ముందు వారం
వాళ్ళ పాప స్కూలు గౌనుకి జిప్పు మార్చిచ్చినా,
దుడ్లు తీసుకోలా.
దీన్ని ఏమంటారో
మీరే రాసుకోండి.

పరంధామ నాయుడు కండ్లు మూసుకున్నాడు.
జడ్జిగారి పెన్ను
కాగితానికి ఒక వేలెడు పైన నిలబడింది.
వాయిదా. పద్దెనిమిదో తేదీ.

బయట చింతచెట్టు కింద
నా కేసులో ఒకటో ప్రతివాది
రెండు టీలు పట్టుకోనుండాడు.
ఎందుకట్ల చెప్తివని అడగలా.
కొత్త బంపరు చూపించినాడు.
కొత్త పాలసీ కాగితం మడత విప్పినాడు:
"ఈసారి జాస్తి కట్టినానక్కా, చదువు."

పేరులేని ప్రయాణికులు: ఐదుగురు.

ఇంజినుకి నెంబరు రాసినారు.
చాసిస్‌కి నెంబరు రాసినారు.
బండి రంగు కూడా మరిచిపోలా.
"ఈ ఐదుగుర్లో నేనెవర్నిరా?"
టీ గ్లాసులోకి చూసినాడు.

ముందు సీట్లో కూర్చోని
కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నా.
ఇరవై నోటు డాష్‌బోర్డు మీద పెట్టినా.
వాడు తియ్యలా. నేనూ తియ్యలా.
పూతలపట్టు కల్వర్టు వచ్చింది, పోయింది.
పాకాల దాకా ఆ నోటు
గాలికి లేస్తా, పడతా,
మా ఇద్దరి మధ్యనే ఉండింది.