ఏడడుగుల దూరం

జుమ్మెరాత్ బజార్‌లో గురువారం పొద్దున
తుప్పు కుప్పల ముందు చతికిలబడితే
నేనడిగేది ఎవరికీ అర్థం కాదు.
"మడతకత్తా? విసిరే కత్తా? ఏదో ఒకటి చెప్పు పెద్దమ్మా."
రెండూ, అంటాను.
మడిస్తే జానెడు. విప్పితే మూరకు నాలుగు వేళ్ళు తక్కువ.
పిడి మీద ఇత్తడి చేప.
"మడిచేది విసిరితే గాల్లోనే మూసుకుంటది, పో"
అని నవ్వి, మామిడికాయలు తరిగేది చేతిలో పెడతాడు.

దస్తగిరి చేతిలో ఎప్పుడూ మూసుకోలేదు.

నాంపల్లి నుమాయిష్‌లో పదకొండు జనవరులు
చెక్కకు వీపానించి నిలబడ్డాను.
ఇటు మూడు, అటు మూడు.
చెవి పక్కన దిగినప్పుడు
ఎవరో లోపల్నుంచి గడియ వేసుకున్నట్టుండేది.
మా ఇద్దరి మధ్య ఏడడుగులు.
పెళ్ళి కాలేదు గాని
రాత్రికి రెండుసార్లు, ఆదివారాలు మూడుసార్లు
ఆయన కాలితో కొలిచిన దూరం.

ఆటయ్యాక అన్నీ మూసి జేబుల్లో వేసుకునేవాడు.
"తెరిచి పెట్టిన కత్తి ఇంట్లో నిద్ర పోనివ్వదు, కమలీ."
తర్వాత ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, దగ్గు, అంతే.
కత్తులు ఎవరమ్ముకున్నారో.

నాలుగు గురువారాలు తిరిగాను.
బార్కస్‌లో జంబియాలు నూరే సాలం చావుష్
చాయ్ పోసి, నేను గీసిన కాగితం తిప్పి తిప్పి చూసి
"ఇది మా వాళ్ళ చెయ్యి కాదు.
కార్వాన్‌లో వీరోజి తండ్రి పని" అన్నాడు.

వీరోజికి తండ్రి కొలిమి మిగిలింది, కొలతలు మిగల్లేదు.
"బొమ్మ చాలదమ్మా. మందమెంత? వెడల్పెంత?"
నాకేం తెలుసు?
నేను చూసింది మొనలే.

అప్పుడు గుర్తొచ్చింది చెక్క.
అడ్డగుట్టలో మా బాత్రూంకు అదే తలుపు.
ఎన్నిసార్లు పచ్చరంగు పూసినా గాట్లు పూడలేదు.
ఊడబీకి, పాత చీర అడ్డం కట్టి,
ట్రాలీ ఆటోలో కార్వాన్‌కు తెచ్చాను.
వీరోజి మూడు రోజులు ఎండబెట్టి
గాటులో అగరుబత్తి పుల్ల దించి లోతు చూశాడు,
మైనం కరిగించి పోశాడు.
గట్టిపడ్డాక మెల్లగా లాగితే
దస్తగిరి కత్తి మొన, రెండు వేళ్ళ మేర,
పచ్చటి అంచుతో.
చాలాసేపు దాన్ని వీరోజి చేతికి తిరిగివ్వలేదు నేను.

పాత సిటీ బస్సు కమాన్ పట్టీ తెచ్చి కాల్చాడు, సాగ్గొట్టాడు.
మొదటిది గాల్లోనే ముడుచుకుంది, బజారువాడు చెప్పినట్టే.
రెండోది పిడి తగిలి పడింది.
మూడోదానికి మడత దగ్గర ఉంగరం తొడిగాడు, తిప్పితే తాళం.
"నాయన గిట్లనే చేసుంటడు" అన్నాడు, నాతో కాదు.
చేప చెక్కమంటే మాత్రం
మిరపకాయ వచ్చింది.

"విసురు" అన్నాడు.

నేనా?
ఈ వైపు ఎన్నడూ నిలబడలేదు.
ఏడడుగులు లెక్కపెట్టి వెనక్కి తిరిగితే
గోడకానిన చెక్క మీద, గాట్ల నడుమ,
ఖాళీగా నేను.
పద్దెనిమిదేళ్ళ నడుము. ఎడమ చెయ్యి కాస్త ఎత్తు.
పదకొండేళ్ళలో ఒక్క గాటూ
ఆ ఖాళీలోకి రాలేదు.
రోజూ ఆ తలుపు తీస్తూ వేస్తూ
ఇది నేను చూడనేలేదు.

విసిరాను.
ఒక్క పల్టీ. గుప్‌మని
నా పొట్టలో దిగింది.
వీరోజి చప్పట్లు కొట్టాడు.
పక్కకు గురి పెట్టానని
చెప్పలేదు.

మూసి, రొంటిన దోపుకుని
పురానాపూల్ దగ్గర బస్సెక్కాను.
కండక్టరమ్మ జీరో టికెట్ ఇస్తూ
"ఏంది పెద్దమ్మా, నడుం అట్ల పట్టుకున్నవ్, నొప్పా?"
"అవును బిడ్డా" అన్నాను,
"పాతదే."