ఇతరములు

కాన్వెంట్ జంక్షన్‌లో మూసున్న బడ్డీ పక్కన
ప్లాస్టిక్ కుర్చీ నాది.
రోజుకి ఆరు వందలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం.
అట్ట మీద కాగితం, కాగితం నిండా గడులు:
కారు, ఆటో, బస్సు, లారీ, మోటార్ సైకిల్.
అట్టడుగున, పెన్ను పట్టనంత ఇరుకులో
‘ఇతరములు’.

నాలుగు నిలువు గీతలు,
పుల్లలు మోపు కట్టినట్టు ఐదోది అడ్డంగా.
అదే పని.

లెక్క ఎనిమిదింటికి మొదలెట్టమన్నారు.
ఎనిమిదింటికి ఎవరుంటారు?
నూకరత్నం తట్టలో సగం చేపలు అమ్ముడుపోయుంటాయి.
రాత్రి కాపలా దిగిన దాలినాయుడు
మల్కాపురంలో ముసుగుతన్ని పడుకునుంటాడు.

రెండో రోజు నాలుగున్నరకే వచ్చాను.
ఎవరూ రమ్మనలేదు.
కాగితం తిప్పి, వెనక రెండు గడులు గీసుకున్నాను:
కాళ్లు. సైకిళ్లు.

“ఏటి పాపా, సీకట్లో రాస్తన్నావు?”
“నడిచేవాళ్లని లెక్కెడుతున్నానమ్మా.”
“నన్నేసీసేవా?”
“వేసేశాను.”
“మరి తట్టనీ?”
తట్టకి గడి లేదు.

వంతెన ఎక్కుడులో దాలినాయుడు దిగిపోయాడు,
సైకిల్‌ని దూడలా నడిపించుకొస్తున్నాడు.
ఈయన సైకిలా, కాళ్లా?
సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే
“టైమెంతయిందో చూశావా?” అని పెట్టేశాడు.
రెండు గడుల మధ్య సరిహద్దు మీదే
ఒక గీత గీశాను.

ఆఫీసు గోడ మీద విశాఖ పటం చూశానొకసారి.
బీచ్ రోడ్డు ఎర్రగా వెలిగిపోతోంది:
మణికట్టు గడియారాలు లెక్కపెట్టి పంపిన అడుగులట.
జ్ఞానాపురం వైపు తెల్లకాగితం.
“అక్కడెవరూ నడవరా సార్?”
“డేటా లేదమ్మా” అన్నాడాయన,
ఈ ఏడు వాన లేదమ్మా అన్నట్టు.

ఆషాఢ పున్నమికి మాత్రం
సింహాచలం కొండ చుట్టూ తిరిగే పాదాలకి
రోడ్డంతా రాసిచ్చేస్తాం,
పొడుగునా మజ్జిగ పోస్తాం.
మర్నాడు అవే పాదాలు
కాలువ పలక విరిగినచోట,
లారీకీ గోడకీ మధ్య
పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి నడుస్తాయి.

ఎనిమిదయ్యేసరికి
నూట తొంభై రెండు జతల కాళ్లు,
అరవై ఏడు సైకిళ్లు,
ఎటూ కాని గీతలు పదకొండు,
మూలన, చిన్నగా, ఒక తట్ట బొమ్మ.

కాగితం ముందువైపుకి తిప్పాను.
మొదటి కారు. గీత.
చవక కాగితం కదా,
వెనక గీసినవన్నీ
కార్ల గడిలోకి ఊరి కనిపిస్తున్నాయి.
సార్ అడిగితే ఏం చెప్పాలో
ఇంకా అనుకోలేదు.