మిగతా కథ

జుమ్మా వేళ, షట్టరు సగం దించాక
రువీలో మా టైపింగ్ సెంటరుకి
వంగి దూరతారు పరాంకుశం మాస్టారు,
బూట్ల డబ్బా నిండా పాత పాటల పుస్తకాలు,
తేమ పీల్చేందుకు నడుమ బియ్యం మూట.

"ఈ 'క' చూడు, తలకట్టు విరిగింది.
ఆ పోస్టరు మీదా ఇదే 'క'. ఒకే ప్రెస్సు!"
దొంగ వేలిముద్ర దొరికినట్టు మురిసిపోతారు.

నాకు తెలిసినవి వీసా కాగితాలు.
వాటిలో అక్షరం విరిగితే జరిమానా.

ఇవాళ స్కాను చేస్తూ కథాసంగ్రహం చదివాను:
పడవ మునిగింది. ఒడ్డున ఆమె, చేతిలో లాంతరు.
మిగతా వెండితెరపై చూడుడు.

"తర్వాత ఏమైంది మాస్టారూ?"

"రీళ్లు కాలిపోయాయి.
చూసినవాళ్లూ..."

బియ్యం మూట సర్దుతూ చాలాసేపటికి,
"ఈదుకుంటూ వచ్చేశాడని మా నాన్న చెప్పేవాడు.
నాన్న అబద్ధాలు బాగా ఆడేవాడులే."