వెంట్రుక వెడల్పు

మంగళవారం, పాదోవా మీద పొగమంచు లేవకముందే
సైకిల్ బుట్టలో ఐసు డబ్బా పెట్టుకుని
ఒత్తోరినో కొట్టుకి వెళ్తాను.
గుర్రం మాంసం కొట్టు. తలుపు మీద ఇత్తడి గుర్రం తల.
మూడు తరాల చేతులు తగిలి తగిలి
దాని ముక్కొక్కటే మెరుస్తుంది.

అందరూ తొడ మాంసం అడుగుతారు,
నేను ప్లీహం.
"కుక్కకా?" అన్నాడు మొదటిసారి.
"కాదు, యూనివర్సిటీకి."
"కుక్కకైతే ఊరికే ఇచ్చేవాణ్ణి," అని
రెండు యూరోలు తీసుకున్నాడు.

ముదురెరుపు నాలుకలాంటి ఆ ముక్కని
రుబ్బి, వడగట్టి, డెబ్బై డిగ్రీల నీళ్లలో ఉంచితే
మిగతా ప్రోటీన్లన్నీ పాలు విరిగినట్టు విరిగిపోతాయి.
ఇదొక్కటే చెక్కుచెదరదు.
నాలుగు రోజుల తిప్పలకి గొట్టం అడుగున మిగిలేది
డికాషన్ రంగు చుక్క.
గుర్రం తన ఇనుము దాచుకున్న బరిణెలు
అన్నీ ఆ చుక్కలోనే.

ఒకరోజు కత్తి నూరుతూ అడిగాడు, ఏముంది దాంట్లో అని.
నాకు పాఠం చెప్పడం రాదు. పొడుపు కథ వేశాను:

ఇరవైనాలుగు పలకలు, మేకు లేదు
గది ఉంది, గడప లేదు
తుప్పు మింగుతుంది, తాను తుప్పు పట్టదు
వేడికి లొంగదు, పులుపుకి విడుతుంది
ఏమిటది?

ఒత్తోరినో చాలాసేపు ఆలోచించి
"మా అత్తగారు," అన్నాడు.

అప్పుడు చెప్పక తప్పలేదు.
ముందు ఇనుమంతా కడిగేస్తాం. ఉత్త బరిణె మిగులుతుంది.
ఆమ్లం చుక్కలు వేస్తే పలకలు దేనికది విడిపోతాయి.
ఆ చెదిరిన నీళ్లలో ఎర్ర మందు పోసి
మెల్లగా, చాలా మెల్లగా, పులుపు విరుస్తాం.
ఎవరూ పిలవక్కర్లేదు,
పలకకి పలక దొరికి గుండ్రంగా మూసుకుంటుంది.
మూసుకునే వేళకి లోపలున్న మందు లోపలే.
అన్నిసార్లూ కాదు. కొన్ని వంకరగా అతుక్కుంటాయి,
కొన్ని ముద్దకడతాయి.
ఆ రోజుల్లో నేనెవరితోనూ మాట్లాడను.

"మరి తలుపెవరు తీస్తారు?"
"మింగిన కణమే. దాని కడుపులో పులుపే తాళంచెవి."
"ఎంతుంటుందేం?"
"ఒక్క వెంట్రుక వెడల్పులో
పక్కపక్కన ఎనిమిది వేలు పడతాయి."

కత్తి ఆగింది.

కొట్టు వెనక గదిలో, తెర సగం తీసి ఉంది.
కుర్చీలో ఆయన భార్య నివెస్,
హీటరు పక్కనే ఉండి కూడా ఊలు టోపీతో.
కనుబొమలు లేవు. ఉండాల్సిన చోట
పెన్సిల్ గీతలు, ఒకటి కాస్త పైకి.

ఆమెకి ఎక్కిస్తున్నది ఏ రంగో
అడగకుండానే తెలిసింది.
నేను గొట్టంలో చుక్కలు లెక్కపెట్టే మందే
ఆమె నరంలో సంచులకొద్దీ,
బరిణె లేక, చిరునామా లేక,
పుండు దాకా, జుట్టు దాకా, గుండె దాకా
ప్రతి తలుపూ తడుతూ.

"ఎప్పటికి?" అన్నాడాయన.
తీపిమాట ఒకటి నాలుక చివరికొచ్చింది.
మింగేశాను.
"ఎలుకల దాకా వచ్చాం. పదేళ్లు. పన్నెండు.
అసలు కాకపోవచ్చు కూడా."
తల ఊపాడు,
తూకం సరిగ్గా చూపించిన ముల్లుని చూసినట్టు.

తెర వెనకనించి నివెస్ అడిగింది:
"లవీనియా, ఖాళీగా ఉన్నప్పుడు కూడా
నిలబడుతుందా అది?"
నిలబడుతుంది.
"ఇనుమంతా తీసేసినా?"
తీసేసినా.
"అయితే మంచి గుర్రమే," అని నవ్వింది,
నవ్వు దగ్గులోకి జారేదాకా.

ఆ రాత్రి మైక్రోస్కోపు కింద
వేలవేల ఖాళీ ఉంగరాలు, బూడిదరంగు తెరమీద.
కోటు చేతిమీద నాదే ఒక వెంట్రుక కనిపించింది.
దులపబోయి
దులపలేదు.

ఈ మంగళవారం కూడా రెండు యూరోలు తీసుకున్నాడు.
కాకపోతే
కొవ్వంతా తనే గీసేసి,
రెండు కాగితాల్లో చుట్టి,
మూట మూల మడిచి ఇచ్చాడు,
కుక్కకి కాదుగా అన్నట్టు.