కూడలి లెక్క

బ్యాంకాక్ పటాన్ని తెర మీద పరిచి
కూడళ్లు లెక్కపెడతాను. అదే నా ఉద్యోగం.
నాలుగు దారులు కలిస్తే నీలం చుక్క,
మూడు కలిస్తే పసుపు,
దారి గోడకి తల కొట్టుకుని ఆగిపోతే
ఎర్రది.

నది పక్కన పాత ఊళ్లో నీలాలు చల్లినట్టుంటాయి.
తూర్పుకి జరిగేకొద్దీ
నగరానికి తట్టు పోస్తుంది.

ఎవరూ కావాలని ఇలా గీయలేదు.
ఒకప్పుడు ఇక్కడ వరి.
కాలవ గట్టు నుంచి లోపలికి సన్నగా, పొడుగ్గా మడులు.
ఒక రైతు తన చెక్క అమ్ముకున్నాడు, గట్టు మీద తారు పోశారు.
పక్క రైతు పదేళ్లాగి అమ్మాడు.
ఇంకో గట్టు, ఇంకో తారు.
గట్టూ గట్టూ కలవలేదు గనక
వీధీ వీధీ కలవలేదు.
మేం వీధిని సోయి అంటాం.
కప్పలు మాత్రం అప్పట్లో అడ్డంగా గెంతేవట.

ఇదంతా చెప్పింది థొంగ్‌బై.
నారింజ చొక్కా, వీపు మీద పదిహేడో నంబరు,
మోటార్‌సైకిల్ టాక్సీ.
కొలతల కోసం ఒకరోజంతా అతని వెనక కూర్చున్నాను.

సోయి చివర గోడ దగ్గర బండి ఆపాడు.
అవతల రోట్లో పచ్చి బొప్పాయి దంచుతున్న చప్పుడు.
వెల్లుల్లి ఘాటు గోడ దిగి వచ్చింది.
"లమ్‌దువన్ కొట్టు," అన్నాడు. "అడుగులైతే ముప్ఫై.
బండి మీద నాలుగున్నర కిలోమీటర్లు,
పెద్ద రోడ్డెక్కి, యూ టర్న్ కొట్టి, మళ్లీ లోపలికి.
వానొస్తే గంట."
కాస్త నవ్వాడు.
"మా పిల్లల ఫీజులు ఈ గోడే కడుతోంది."

అప్పుడే బడి సంచీతో ఒక పిల్ల
మా పక్కనుంచి నడిచి
నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి
మాయమైంది.

వెళ్లి చూస్తే వెదురు నిచ్చెన.
గోడ మీద గాజుపెంకులు ఒకచోట రాలగొట్టి
పాత టైరు ముక్క పరిచారు.
మెట్లు నడిమధ్య అరిగి, నున్నగా.
ఒక ముసలాయన అటునుంచి దిగుతూ
కూర పొట్లం పళ్లతో పట్టుకుని
మాకు కళ్లతోనే దణ్ణం పెట్టాడు.

ఆ రాత్రి ఆఫీసులో
ఎర్ర చుక్క మీద వేలు పెట్టాను.
ఒక్క గీత చాలు,
రెండు ఎర్రలు చెరిగిపోతాయి,
సగటు కాస్త కోలుకుంటుంది.
కానీ ఈ పటం అందరికీ వెళ్తుంది:
నగరపాలికకి, బిల్డర్లకి,
గోడ సొంతదారుకి.
ఆయన ఆ టైరు ముక్కని ఇంకా చూడలేదు.

గీయలేదు.

ఇప్పుడు నా నివేదికలో
ఆ సోయికి పక్క సోయి సోయే లేదు.
అన్నం వేళకి మాత్రం
చెప్పులు చేత్తో పట్టుకుని
ట్యాంకు వెనక్కి వెళ్తాను.
థొంగ్‌బై చూసీ చూడనట్టు
బండి అద్దం తుడుచుకుంటాడు.
అతనికి ఒక కిరాయి తగ్గింది.