తలకింత

ఫ్రెస్నోలో, టైర్ల కొట్టు పక్కన మా క్లినిక్.
వెనక గదిలో కిటికీ లేని బల్ల నాది.
ముందు గదుల్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా
నా దగ్గరికి అంకె అయ్యాకే వస్తుంది.

మోకాలికి ఒకటి. చక్కెర జబ్బుకి ఒకటి.
చక్కెరతో కాలి వేలు నల్లబడితే
చుక్క పెట్టి ఇంకొంచెం పొడుగాటిది.
పదమూడేళ్ళుగా ఇదే నా వంట.

మాకు డబ్బు రెండు దారుల్లో వస్తుంది.
చూసినప్పుడల్లా ఇచ్చే ప్లాను ఒకటి:
రోగి ఎన్నిసార్లు వస్తే అంత మేలు,
ఎంత త్వరగా లేచి వెళితే అంత మేలు.
తలకింత అని నెలనెలా పంపే ప్లాను ఇంకొకటి:
అందులో మనిషి జాబితాలో ఉండాలి,
గదిలో ఉండకూడదు.

మా నాయనమ్మ చెప్పేది,
వాళ్ళ ఊరి మంత్రసానికి కళ్ళంలో మేర కొలిచేవారట.
ఆ ఏడు కాన్పులు ఆరైనా, అసలు లేకపోయినా
అదే కుంచం.
కాబట్టి తలకింత నాకు కొత్త మాట కాదు.
కాని ఆ కుంచం పట్టినవాడు
ఏదో ఒక అర్ధరాత్రి ఆమె తలుపు తట్టవలసినవాడే.
మాకు కొలిచేవాడు ఏ రాష్ట్రంలో ఉంటాడో,
ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపిస్తాడు.

మంగళవారం మాయ్ యెర్ వాంగ్ వచ్చింది.
డెబ్భై రెండేళ్ళు, స్ట్రాబెర్రీ తోట,
గోళ్ళ కింద ఇంకా ఎరుపు. తలకింత మనిషి.
పాత మందులకే కొత్త చీటీ రాయించుకుని
లేచి, తలుపు పిడి మీద చెయ్యి వేసి
మనవరాలితో హ్మాంగ్‌లో ఏదో గొణిగింది.
ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది:
"పడుకుంటే ఊపిరాడట్లేదంట.
ఏప్రిల్ నుంచీ కుర్చీలోనే నిద్ర."

డాక్టర్ హరుత్యున్యన్ అప్పటికే లేచాడు.
బయట పదకొండు మంది.
గోడ ఇవతల నాకు వినిపించింది,
చక్రాల స్టూలు మళ్ళీ కిర్రుమనడం.

యాభై నిమిషాలు.
ఈసీజీ, రక్తం, గుండె డాక్టరుకి ఉత్తరం.
మా ఒప్పందంలో సగం ఖర్చు మా సంచిలోంచే.
ఆ నెల ఆమె తలకు మాకొచ్చింది ఇరవై ఆరు డాలర్లు.
ఈలోగా బయట ఇద్దరు లేచి వెళ్ళిపోయారు,
ఒకామె చెవిపోటు పిల్లాణ్ణి భుజాన వేసుకుని.
అది కూడా చెప్పాలి కదా.

మధ్యాహ్నం మేనేజరు డెనీస్ కాగితం తెచ్చింది.
ఆయన పేరు పక్కన ఎర్రటి గీత, కిందికి.
ఆమె చెడ్డది కాదు.
మా అద్దె కట్టేది, నా జీతం ఆపనిది ఆమే.

సాయంత్రం మాయ్ యెర్ ఫైలు తెరిచాను.
వచ్చిన కారణం: మందుల చీటీ.
నిమిషాల గడిలో పదిహేను అని
దానంతటదే పడి ఉంది.
తలకింత ప్లానులో ఆ గడి ఎవరూ చదవరు.
చెరిపి, యాభై కొట్టాను.

పక్కన టైర్ల కొట్టు షట్టరు దించుతున్నారు.